నడిపే సరదా పోకుండా మియాటా బరువు తగ్గించడం ఎలా

రెండేళ్ల కిందట ఒక శనివారం పొద్దున మొదలుపెట్టి రాత్రికల్లా నా కారు లోపలంతా ఊడబీకాను. కార్పెట్లు, వాటి కింద ఉన్న దళసరి గుడ్డ, రేడియో, స్పీకర్లు, స్టెప్నీ, డిక్కీలోని అట్టలు అన్నీ బయటికొచ్చేశాయి. గరాజ్‌లో గుట్ట చూసుకుని మురిసిపోయాను. ఆ తర్వాతి నెల మొత్తంలో ఆ కారు గరాజ్ దాటింది మూడే మూడుసార్లు. గేర్‌బాక్స్ మీదున్న రేకు వేడికి కుడికాలు కమిలిపోయేది. పక్కన కూర్చున్న మనిషి మాట వినపడేది కాదు. బరువు తగ్గిందా అంటే తగ్గింది. కానీ బండి తీయాలన్న మనసే పోయింది.

ఈ వ్యాసం ఆ తప్పు చేశాక నేర్చుకున్నది. నాది 1992 మోడల్ మాజ్దా మియాటా. మిగతా దేశాల్లో దీన్నే ఎంఎక్స్-5 అంటారు, జపాన్‌లో అయితే యూనోస్ రోడ్‌స్టర్. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన తరం ఇది. రెండు సీట్లు, బట్ట టాపు, 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. ఖాళీ కారు బరువు ఇంచుమించు వెయ్యి కిలోలు. డాలస్ చుట్టుపక్కల నాలాంటి తెలుగువాళ్లు కొందరు పాత మియాటాలు కొని వారాంతాల్లో వాటి కింద దూరుతుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలే మీకూ వస్తాయి కాబట్టి ఆ కారునే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మీది పాత పోర్షే అయినా, టయోటా 86 అయినా పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

ముందు నోట్‌బుక్, తర్వాత పాన

ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఎంత తగ్గింది. రెండో గడిలో కారులో ఎక్కణ్నుంచి తగ్గింది: ముందా, వెనకా, పైనా, కిందా, చక్రంలోనా. మూడో గడిలో బదులుగా ఏం పోయింది. అందరూ మొదటి గడి రాస్తారు, ఉత్సాహవంతులు రెండోది కూడా రాస్తారు. మూడోది మాత్రం ఎవరూ రాయరు, నేనూ రాయలేదు. బండిని నెలరోజులు మూలన పడేసింది ఆ ఖాళీ గడే.

తర్వాత తూకం. అమెరికాలో హైవేల పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది. మన ఊళ్లో లారీ కాటా లాంటిదే. కాస్త డబ్బు కడితే ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, మొత్తం ఎంత అని చీటీ ఇస్తారు. కాటా పళ్లేలు లారీలకు సరిపడా పొడుగ్గా ఉంటాయి. ముందు చక్రాలు ఒక పళ్లెం మీద, వెనక చక్రాలు దాని పక్క పళ్లెం మీద పడేలా ఆ రెండింటి అతుకు దగ్గర ఆపాలి. కాటా ఆఫీసువాళ్లతో మాట్లాడే బటన్ కూడా లారీ డ్రైవర్ చేతి ఎత్తులోనే ఉంటుంది. మియాటాలో కూర్చుంటే అందదు, దిగి నొక్కి మళ్లీ ఎక్కాలి. వెనకున్న లారీవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

ఒక చిక్కుంది. ఆ కాటా 20 పౌండ్ల మెట్లలోనే చూపిస్తుంది, అంటే 9 కిలోలు. కాబట్టి దాన్ని మొదట ఒకసారి, చివర ఒకసారి వాడుకోండి. విడి వస్తువుల్ని ఇంట్లో బాత్‌రూమ్ కాటా మీదో, విమానం సూట్‌కేసులకు కొన్న కొక్కెం తూకంతోనో తూచండి. ఆ కొక్కెం తూకం లేని తెలుగు ఇల్లు అమెరికాలో ఉండదు.

రెండుసార్లు తూచినప్పుడూ ట్యాంకులో పెట్రోల్ ఒకే మట్టంలో ఉండాలి. ఈ కారు ట్యాంకు 45 లీటర్లు, నిండా పోస్తే పెట్రోలే 33 కిలోలు. ట్యాంకు నింపి ఒకసారి, ఖాళీ చేసి ఒకసారి తూచి 30 కిలోలు తగ్గించానని చెప్పుకునేవాళ్లను చూశాను.

నేను సీట్లో ఉండగా, సగం ట్యాంకుతో నా మొదటి చీటీ 2,420 పౌండ్లు, అంటే 1,100 కిలోలు.

పైసా ఖర్చు లేకుండా తగ్గేది

డిక్కీ, సీట్ల వెనక అర, గ్లవ్ బాక్స్ ఖాళీ చేయండి. ముప్పై ఏళ్ల కారులో ఎవరెవరివో సామాన్లుంటాయి. నా దాంట్లో పాత యజమాని వదిలేసిన రెండు కూలెంట్ డబ్బాలు, తెగిపోయిన బూస్టర్ కేబుళ్లు, ఎక్కడా పనిచేయని అలారం పెట్టె, దాని వైర్ల చిక్కు కలిపి 6 కిలోలు తేలాయి. మూడో గడిలో రాయడానికి ఏమీ లేదు. ఇంతకంటే మంచి బేరం మళ్లీ దొరకదు.

సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. బట్ట టాపు మీద పడ్డ వాన నీళ్లు సీటు బెల్టుల పక్కనున్న రెండు గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ పడి అవి మూసుకుపోతే నీళ్లు కారులోకే వస్తాయి. తడిసిన కార్పెట్ ఎంత బరువుంటుందో బట్టలు ఉతికినవాళ్లకు తెలుసు. బరువు సంగతి తర్వాత, అక్కడ రేకు తుప్పు పడితే కారే పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా పొడిచి శుభ్రం చేయండి. ఇనప తీగ పెట్టొద్దు, గొట్టం చిల్లు పడుతుంది.

పైన బిగించే గట్టి టాపు ఉంటే ఎండాకాలం గరాజ్‌లోనే ఉంచేయండి. ఇరవై కిలోల పైమాటే, అదీ కారులో అన్నిటికంటే ఎత్తైన చోట. దాన్ని తీసిన రోజు మలుపుల్లో తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇక డ్రైవర్ బరువు. ఈ మాట ఎత్తితే మా స్నేహితుల మధ్య గొడవే. శని, ఆదివారాలు బిర్యానీ, సోమవారం తేలికపాటి చక్రాల కోసం వెయ్యి డాలర్లు. నేనూ అదే బాపతు, అందుకే ఎక్కువ చెప్పను.

స్టెప్నీ, బ్యాటరీ

స్టెప్నీ, జాకీ, పాన కలిపి నా దగ్గర 13.5 కిలోలు వచ్చాయి. వాటి బదులు పంక్చర్ వేసే కిట్, 12 వోల్టుల చిన్న గాలి పంపు పెట్టుకుంటే కిలోన్నర. పోయేదేమిటో నిజాయితీగా రాయండి: టైరు పక్కగోడ కోసుకుపోతే ఆ కిట్ పనికిరాదు, టో బండి కోసం రోడ్డు పక్క నిలబడాలి. నేను ఊళ్లో తిరిగేటప్పుడు స్టెప్నీ ఇంట్లో ఉంచుతాను, ఆస్టిన్ దాకా వెళ్లాలంటే మళ్లీ పడేస్తాను. రెండు నిమిషాల పని. ఒకసారి తీసింది మళ్లీ పెడితే నామోషీ ఏం కాదు.

ఈ తరం మియాటాలో బ్యాటరీ డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. ఎడమ సీట్లో ఒక్కడే డ్రైవర్ కూర్చుంటే, దానికి ఎదురుమూల ఆ బరువు పనికొస్తుంది కూడా. పాత బ్యాటరీ 10 కిలోలు, నేను పెట్టిన లిథియంది మూడున్నర. ఆరున్నర కిలోలు తగ్గాయి, కానీ ధర సీసపు బ్యాటరీకి ఎన్నో రెట్లు. కారు వారానికొకసారే తీసేవాళ్లు, పాతది ఎలాగూ చచ్చిపోయినవాళ్లు ఆలోచించండి. బాగున్న బ్యాటరీని పారేసి కొనడం దండగ.

మార్చేటప్పుడు ముందు మైనస్ తీగ విప్పండి, బిగించేటప్పుడు చివర అదే బిగించండి. పాత ఛార్జర్‌లో సీసపు బ్యాటరీల మరమ్మతు మోడ్ ఉంటుంది, లిథియం మీద దాన్ని వాడొద్దు. సీసపుదే కొంటుంటే డబ్బుకు కక్కుర్తిపడి మామూలు బ్యాటరీ పెట్టకండి. డిక్కీలో పెట్టేది కాబట్టి మూసి ఉన్న రకమై ఉండాలి, గ్యాస్ బయటికి పోయే గొట్టాలు తగిలించాలి. లేకపోతే యాసిడ్ ఆవిరికి డిక్కీ రేకు తినేస్తుంది.

సైలెన్సర్

కారు చిట్టచివర, వెనక చక్రాల అవతల వేలాడే బరువు ఇది. అందుకే ఇక్కడ తగ్గిన కిలో, కారు మధ్యలో తగ్గిన కిలో కంటే విలువైంది. తాడు చివర రాయి కట్టి తిప్పినప్పుడు తాడు పొడుగయ్యేకొద్దీ ఆపడం కష్టమైనట్టే, మలుపులో కారు తోకను తిప్పడానికీ ఆపడానికీ ఆ చివరి బరువు అడ్డుపడుతుంది. నా పాత సైలెన్సర్‌కీ కొత్త స్టీల్ దానికీ తేడా 9 కిలోలు.

పని చిన్నదే, తుప్పే శత్రువు. ముందు రోజు రాత్రి బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కారును స్టాండ్ల మీద నిలపండి, ఒట్టి జాకీ నమ్ముకుని కింద దూరకండి. రబ్బరు కొక్కేలకు సబ్బు నీళ్లు రాస్తే జారి వచ్చేస్తాయి. పొగలోని విషవాయువుల్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ జోలికి మాత్రం పోవద్దు, దాన్ని తీసేయడం అమెరికాలో ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

ఇప్పుడు మూడో గడి. ఈ కారు అయిదో గేర్‌లో గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజిన్ నిమిషానికి సుమారు 3,600 సార్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లు కాబట్టి సెకనుకు 120 పేలుళ్లు. ఆ హోరు సరిగ్గా హైవే వేగంలో చెవుల్లో కూర్చుంటుంది. గంటన్నర అయ్యేసరికి తలనొప్పి. పెట్రోల్ బంకులో ఆగినప్పుడు ఖంగుమన్న శబ్దం బాగానే ఉంటుంది, కొనేవాళ్లంతా అది విని మోసపోతారు. కొనబోయే ముందు అదే సైలెన్సర్ పెట్టుకున్నవాళ్లను బతిమాలి వాళ్ల కారులో హైవే ఎక్కండి. అన్నిటికంటే తేలికైనది కాక, మధ్యలో హోరు తగ్గించే చిన్న డబ్బా, అంటే రెజొనేటర్ ఉన్నది ఎంచుకోండి. నేను రెండు కిలోలు వదులుకుని నిశ్శబ్దం కొనుక్కున్నాను. పైన చెప్పిన 9 కిలోలు ఆ రెండూ పోగా మిగిలినవే.

సీటు, రోల్ బార్

తేలికపాటి ఫైబర్ సీటు బరువు 6.5 కిలోలు అని అట్టపెట్టె మీద రాస్తారు. దాన్ని కారుకు బిగించే పట్టాలు, బ్రాకెట్లు ఇంకో 4 కిలోలని ఎవరూ రాయరు. నా డ్రైవర్ సీటు పాతది 15.5, కొత్తది అన్నీ కలిపి 10.5. మిగిలింది అయిదే కిలోలు. దానికోసం ఎంత ఖర్చుపెట్టానో మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

అయినా ఈ ఖర్చుకు నేను బాధపడను. ఒంటికి పట్టుకునే సీటులో మలుపుల్లో మోకాళ్లతో, మోచేతులతో ఆనుకోవాల్సిన పని ఉండదు, స్టీరింగ్ వేళ్లతో పట్టుకుంటే చాలు. అదీ కొనే ముందు మీ నడుముకు సరిపోతుందో లేదో అరగంట కూర్చుని చూడాలి. పదినిమిషాలు ఏ సీటైనా బాగానే ఉంటుంది. పక్క సీటు మాత్రం పాతదే ఉంచాను. అందులో కూర్చునే మనిషి వెనక్కి వాలాలంటుంది, ఆ మాటకు నోట్‌బుక్‌లో ఎదురు లేదు.

మియాటాలో సీటు బెల్టు కొక్కెం సీటుకే బిగించి ఉంటుంది. కొత్త సీటుకు మార్చేటప్పుడు కంపెనీ బోల్టు కానీ, అంతే గట్టి రకం కానీ వాడండి, హార్డ్‌వేర్ షాపులో దొరికిన మామూలు బోల్టు వేయకండి. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడటానికి సీట్ల వెనక బిగించే ఉక్కు కమాను) లేకుండా భుజాల మీదుగా కట్టే రేసు బెల్టులు కూడా వద్దు. కారు బోల్తా పడితే మామూలు బెల్టులో మనిషి పక్కకు ఒరగగలడు. రేసు బెల్టులో నిటారుగా ఉండిపోతాడు, తల మీద కాపాడేది ఏదీ ఉండదు.

ఆ మాట అనుకున్నాకే నేను రోల్ బార్ వేయించాను. 16 కిలోలు తిరిగి ఎక్కాయి. బరువు తగ్గించే వ్యాసంలో బరువు ఎక్కించమంటున్నానేమిటని మీకు అనిపించవచ్చు. ముందు అద్దం చట్రం తప్ప తల పైన ఏమీ లేని కారు ఇది. ఆ 16 కిలోలకు నా నోట్‌బుక్‌లో మూడో గడి తిరగబడింది, పోయింది లేదు, వచ్చిందే ఉంది. బార్ మీద గట్టి రకం ప్యాడింగ్ వేయించండి, రేసు భద్రతా సామాన్లకు ఇచ్చే ఎస్ఎఫ్ఐ 45.1 ప్రమాణం ఉన్నది అడగండి. స్పాంజ్ గొట్టం చూడ్డానికి అలాగే ఉంటుంది, తల తగిలితే ఎందుకూ కొరగాదు.

చక్రాలు, టైర్లు, ఫ్లైవీల్

చక్రం బరువు కిలో తగ్గితే బాడీ మీద ఎనిమిది కిలోలు తగ్గినంత అని చెప్పేవాళ్లు ఎదురవుతారు. నమ్మకండి. పరుగందుకోవడం వరకూ చూస్తే, బరువంతా టైరు అంచునే ఉందనుకున్నా కిలోకు రెండు కిలోల ఫలితం మించదు. అసలు చక్రంలో అది ఒకటిన్నర దగ్గర ఆగుతుంది. చక్రం తేలికైతే అసలు లాభం వేరే చోట ఉంది: గతుకు మీద టైరు ఎగిరి మళ్లీ నేలను అంటుకునే వేగంలో. రోడ్డు బాగాలేని చోట కారు సుఖంగా పోతుంది, పట్టూ వదలదు. బరువు తగ్గిస్తే సుఖం కూడా పెరిగే చోటు కారు మొత్తంలో ఇదొక్కటే.

అయితే 1990ల తొలినాటి మియాటాకు కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల అల్లాయ్ చక్రం దాదాపు 5.5 కిలోలే. ఇవాళ మార్కెట్లో తేలికవని అమ్మే 15 అంగుళాల చక్రాలు చాలావాటికి ఇంతకంటే బరువే. అందం కోసం 17 అంగుళాలవి వేస్తే డబ్బిచ్చి బరువు కొనుక్కున్నట్టే. నేను చక్రాలు మార్చలేదు. టైర్లు అరిగినప్పుడు మాత్రం కొత్తవాటి బరువు కంపెనీల వివరాల పట్టికలో చూసుకుని కొన్నాను. ఒకే సైజులో ఒక బ్రాండుకూ ఇంకోదానికీ కిలో దాకా తేడా ఉంటుంది, ధర ఒకటే. నాలుగింటికీ కలిపి 3 కిలోలు, అదీ చక్రం అంచున.

ఫ్లైవీల్ అంటే ఇంజిన్‌కూ క్లచ్‌కూ మధ్య ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం. దీని లెక్క వింతగా ఉంటుంది. ఈ కారు మొదటి గేర్ నిష్పత్తి 3.136, వెనక ఇరుసు నిష్పత్తి 4.3. రెండూ గుణిస్తే పదమూడున్నర, అంటే కారు చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజిన్ పదమూడున్నర చుట్లు తిరుగుతుంది. ఫ్లైవీల్ మీద తగ్గిన బరువు ఫలితం దాని వర్గంతో పెరుగుతుంది. ఫ్లైవీల్ అంచు వైపు కిలో తగ్గిస్తే మొదటి గేర్‌లో కారు 15 కిలోలకు పైగా తగ్గినట్టు పరిగెడుతుంది. అయిదో గేర్‌కు వచ్చేసరికి అదే కిలో చిల్లరకు దిగిపోతుంది. వినగానే కొనేయాలనిపిస్తుంది కదా? సాయంత్రం ఆరింటికి ఆఫీసు ట్రాఫిక్‌లో నత్తనడక నడిచేటప్పుడు ఆ తేలిక ఫ్లైవీలే మిమ్మల్ని సిగ్నల్ సిగ్నల్‌కీ ఇంజిన్ ఆపేసేలా చేస్తుంది. పైగా దానికోసం గేర్‌బాక్స్ దింపాలి. క్లచ్ అరిగి ఎలాగూ దింపాల్సి వచ్చినప్పుడు, అన్నిటికంటే తేలికైనది కాక మధ్యస్థమైనది వేయించుకోండి. నా క్లచ్ ఇంకా బాగుంది, అందుకే ఆగాను.

ముట్టుకోకూడనివి

ఏసీ. తీస్తే బరువు బాగానే తగ్గుతుంది, ముందు ఇరుసు మీంచి తగ్గుతుంది, కాగితం మీద బ్రహ్మాండం. కానీ డాలస్ జులై రెంటచింతల మే నెలకు ఏమీ తీసిపోదు. ఏసీ లేని కారును ఏడాదిలో నాలుగు నెలలు ఎవరూ ముట్టుకోరు. చలి ప్రాంతంలో ఉండి తీయాలనుకున్నా, అందులోని గ్యాస్‌ను గాల్లోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. లైసెన్సు ఉన్న షాపులో ముందు దాన్ని లాగించాలి.

పవర్ స్టీరింగ్. ఇది అభిరుచి మీద ఉంటుంది. తీసేస్తే రోడ్డు చేతికి బాగా తెలుస్తుంది, నిజమే. గొట్టాలు విప్పి ఒకదానికొకటి తగిలించేస్తే సరిపోతుందనుకుంటారు. అలా చేస్తే లోపలి పిస్టన్ సీలు ఊరికే రాపిడి పెడుతూ స్టీరింగ్ జిగురులో తిప్పినట్టుంటుంది. చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ విప్పి ఆ సీలు తీయించి సరిగ్గా చేయించాలి. పంపు కారడం మొదలైన రోజు దీని గురించి ఆలోచించండి, అప్పటిదాకా వద్దు. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఆదివారం సాయంత్రం బండి ఇరికించాల్సి వచ్చినప్పుడు నా మాట గుర్తొస్తుంది.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ చక్రం, బంపర్ల లోపలి దూలాలు, 1994 మోడల్ నుంచి తలుపుల్లో పెట్టిన అడ్డ దూలాలు: వీటి గురించి చర్చే లేదు. కార్బన్ ఫైబర్ బానెట్ కూడా వద్దు, దానికి కారణం భద్రత కాదు. మాజ్దా ఈ కారుకు మొదటి రోజు నుంచీ అల్యూమినియం బానెట్టే వేసింది. కార్బన్‌తో తగ్గేది కొంచెమే, పోయే డబ్బు చాలా.

నేల మీద అంటించిన తారు పొరల్ని పొడి మంచుతో గడ్డకట్టించి సుత్తితో పగలగొట్టే వీడియోలు చూసి ఉంటారు. చూడ్డానికి భలే ఉంటుంది. వచ్చేది నాలుగైదు కిలోలు, పోయేది కారులో మాట్లాడుకునే వీలు. కార్పెట్ సంగతి మొదట్లోనే చెప్పాను.

1973 నాటి పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7 కథ ఇక్కడ చెప్పాలి. రేసుల్లో అర్హత కోసం కంపెనీ ఆ కారును పలచటి రేకు, పలచటి అద్దాలతో, తలుపు తీయడానికి పిడి బదులు గుడ్డ పట్టీతో 960 కిలోలకు దించింది. అదే కారును మామూలు సీట్లు, కార్పెట్లతో టూరింగ్ అనే పేరుతో 1,075 కిలోల్లోనూ అమ్మింది. మొత్తం 1,580 కార్లలో తేలికపాటి స్పోర్ట్ రకం కొన్నవాళ్లు 200 మంది. టూరింగ్ కొన్నవాళ్లు 1,308 మంది. ఇవాళ వేలంలో ఎక్కువ ధర పలికేది ఆ 200లో ఒకటి, అది వేరే విషయం. కానీ అప్పుడు రోజూ నడపడానికి కొనుక్కున్నవాళ్లు ఏం ఎంచుకున్నారో చూడండి.

తగ్గించాక చేయాల్సిన పని

చాలామంది ఇక్కడికి రాకుండానే ఆగిపోతారు, కారు గెంతుతోందని ఫిర్యాదు చేస్తారు. ఖాళీ ట్రాక్టర్ ట్రాలీ మట్టిరోడ్డు మీద ఎలా దడదడలాడుతుందో పల్లెలో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. అదే ట్రాలీలో వడ్ల బస్తాలు వేస్తే కుదురుగా పోతుంది. స్ప్రింగులు అవే, చక్రాలు అవే, పైన బరువు మారింది. కారు బాడీ బరువు తగ్గి చక్రాల బరువు అలాగే ఉంటే, ప్రతి గతుకూ బాడీని మునుపటి కంటే ఎక్కువ కుదుపుతుంది. కాబట్టి సుఖాన్ని మళ్లీ సరిచేసుకోవాలి.

మొదటిది టైర్లలో గాలి. ఈ కారు తలుపు పక్క స్టిక్కర్ మీద నాలుగు చక్రాలకూ 26 పీఎస్ఐ అని ఉంటుంది. షాపుల్లో పెద్ద కార్ల అలవాటుతో 35 కొట్టేస్తారు. అలా కొట్టిన కారును నడిపి, సస్పెన్షన్ పోయిందని కొత్త షాక్ అబ్జార్బర్లు కొన్నవాళ్లున్నారు. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు 26కు దించి, ఒకటి అటూ ఇటూ మార్చి చూసుకోండి. ఈ ఒక్క పనితో మీ కారు మారిపోతే ఆశ్చర్యపోకండి.

రెండోది స్ప్రింగులు. మార్చొద్దు. బరువు 4 శాతం తగ్గితే కారు ఊగే లయ 2 శాతమే పెరుగుతుంది, అది ఒంటికి తెలియదు. 10 శాతం దాటి తగ్గించినప్పుడు ఆలోచించాలి. గట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దించేస్తే, కదిలే చోటు లేక రబ్బరు ఆపుల మీద దబదబా పడుతుంది. ముప్పై ఏళ్ల షాక్ అబ్జార్బర్లు ఉంటే మాత్రం ఆ డబ్బు అక్కడ పెట్టండి. బరువు తగ్గించడానికి దాచిన డబ్బులో సగం మంచి షాకుల మీద పెట్టినవాళ్ల కార్లే నేను నడిపినవాటిలో హాయిగా ఉన్నాయి. సస్పెన్షన్ కీళ్లలో ఉండే బుష్‌లు అరిగితే రబ్బరువే వేయించండి, పాలీయురెథేన్ వేస్తే రోడ్డు మీది ప్రతి ఇసుక రేణువూ నడుముకు లెక్క చెబుతుంది.

మూడోది అలైన్‌మెంట్. బరువు తగ్గితే కారు కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, చక్రాల కోణాలు మారతాయి. మియాటాలో నాలుగు చక్రాల కోణాలూ సర్దుకునే బోల్టులు కంపెనీయే ఇచ్చింది. ఇంత తేలిక కారులో డ్రైవర్ బరువు పెద్ద వాటా కాబట్టి, సీట్లో మీ బరువు ఉండగానే సరిచూడమని అడగండి. నేను ఇండియన్ స్టోర్‌లో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి సంచులు ఎనిమిది సీట్లో పేర్చి షాపుకు టో బండిలో పంపాను. అక్కడి కుర్రాడు బియ్యం సంచులకు సీటు బెల్టు పెట్టి ఫొటో తీసుకున్నాడు. ఆ బియ్యం తర్వాత వండుకున్నాం.

ఇండియాలో ఉన్నవాళ్లకు

మియాటాను మన దేశంలో కంపెనీ అమ్మలేదు. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ దగ్గర సరదాగా నడిపే కారు ఏదున్నా ఒక విషయం తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా కారును మార్చకూడదు. సీట్లు పీకడం, సైలెన్సర్ మార్చడం అక్కడ చిక్కు తెస్తాయి. డిక్కీ ఖాళీ చేయడం, తేలికైన టైర్లు ఎంచుకోవడం, స్టిక్కర్ మీదున్నంతే గాలి పెట్టడం, మంచి షాకులు వేయించడం: వీటికి ఎవరూ అడ్డు చెప్పరు. మన రోడ్ల మీద స్టెప్నీ మాత్రం తీయకండి.

చివరి చీటీ

ఇంటి కాటా లెక్కలో తీసినవన్నీ కలిపి 43 కిలోలు, పంక్చర్ కిట్ వెనక్కి ఎక్కిన కిలోన్నర వేరే. రోల్ బార్ వేయకముందు లారీ కాటా 2,320 పౌండ్లు చూపించింది. అంటే 100 పౌండ్లు తగ్గినట్టు. 1,100 కిలోల్లో ఇది 4 శాతం, పరుగు వరకూ ఇంజిన్‌కు 5 హార్స్‌పవర్ కలిపినంత. సూటి రోడ్డు మీద అది తెలిసిందంటే నేను నమ్మను. బ్రేకు వేసినప్పుడు, చిన్న మలుపులో స్టీరింగ్ తిప్పిన తొలి క్షణంలో తెలుస్తుంది. రోల్ బార్ తర్వాత చీటీ 2,360.

తీసినవి ఏవీ పారేయకండి. పాత మియాటాల అసలు భాగాలకు ఏటేటా ధర పెరుగుతోంది, రేపు కారు అమ్మితే కొనేవాడు మొదట అడిగేది అవే. ప్రతి వస్తువు బోల్టులూ విడి సంచిలో వేసి, దేనివో తెలుగులోనే రాసి అంటించండి. నా గరాజ్ అరలో ఇప్పుడు ఒక సైలెన్సర్, ఒక సీటు, ఒక స్టెప్నీ ఉన్నాయి. కార్పెట్లూ రేడియో అయితే ఆ నెల తిరగ్గానే కారులోకి వెళ్లిపోయాయి.